సంఘం ఫైళ్లకు సొంత క్లౌడ్ సర్వర్: పెట్టినవాళ్లు ఊళ్లో లేకపోయినా నడిచేలా

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల ఒక పాతికమంది చెరువు రైతులు సంఘంగా ఏర్పడితే వాళ్ల మధ్య తిరిగే కాగితాలు తక్కువేం కాదు. సీడ్ బిల్లు, హేచరీ ఇచ్చిన పీసీఆర్ పరీక్ష రిపోర్టు, మేత ఖాతా, వారంవారం నీటి పరీక్షలో తేలిన సెలినిటీ, అమ్మోనియా, పట్టుబడి నాటి కౌంటు, కొనుగోలుదారు ఇచ్చిన చీటీ. ఇవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయంటే వాట్సాప్ గ్రూపుల్లో. ఫోను మారితే సగం పోతాయి. మిగతా సగం ఉన్నా, కిందటి ఏడాది ఫలానా చెరువు రిపోర్టు తీయమంటే ఎవరికీ దొరకదు.

వీటన్నిటినీ సంఘం చేతిలోనే ఉండే ఒక సర్వర్లో పెట్టుకోవచ్చు. నెలకు ఇంత అని అద్దె కట్టి క్లౌడ్ కంపెనీలో చిన్న వర్చువల్ సర్వర్ తీసుకుని, అందులో ఫైళ్లు దాచి పంచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నిలబెట్టడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. రైతు సంఘమనే కాదు, గ్రంథాలయానికీ, బడికీ, నలుగురన్నదమ్ముల ఉమ్మడి కుటుంబానికీ ఇదే పద్ధతి. సర్వర్ పెట్టడం ఒక పూట పని. కానీ ఇలాంటివి ఎక్కువగా ఆగిపోయేది యంత్రం చెడి కాదు. పెట్టిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, పాస్‌వర్డులు అతనితోపాటే వెళ్లిపోతాయి. అందుకని ఈ పని మొదటి మెట్టు నుంచీ ఇద్దరు కలిసి చేయాలి, ఏ మెట్టు ఎందుకో ఇద్దరికీ తెలియాలి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాం. టెర్మినల్లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెప్పాం.

ఆఫీసు కంప్యూటర్లో ఎందుకు వద్దు

పాత కంప్యూటర్ ఒకటి ఆఫీసులో ఉంది కదా, అద్దె దేనికి అని సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. సరైన ప్రశ్నే. దానికి జవాబు మన నేలలోనే ఉంది. కరెంటు పోతే జనరేటరు ముందు ఏరేటర్లకే, రౌటరుకు కాదు. తుఫానొస్తే స్తంభాల మీది ఫైబర్ తీగ తెగుతుంది, కరెంటు వచ్చాక కూడా దాన్ని అతికేదాకా ఇంటర్నెట్ ఉండదు. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఏం చేసిందో పెద్దవాళ్లకు గుర్తే. 2022 జూలై వరదలో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అసలు రికార్డులతో ఎక్కువ పని పడేదే అలాంటప్పుడు: నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టాలి, చెరువులో ఎంత సీడ్ వేశారో రుజువు చూపాలి.

సాంకేతిక కారణం ఇంకొకటుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్లలో చాలావరకు సీజీనాట్ వెనక ఉంటాయి. అంటే ఒకే పబ్లిక్ ఐపీ చిరునామాను ఎంతోమంది వినియోగదారులు పంచుకుంటారు, కాబట్టి బయటినుంచి నేరుగా మీ కంప్యూటర్‌ను చేరే దారి ఉండదు. రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా పనిచేయదు. దీనికి పక్కదారులున్నాయి గానీ, అవన్నీ చివరికి బయట ఒక సర్వర్ మీదే ఆధారపడతాయి.

ఎక్కడ, ఎంత సైజు

సర్వర్ భారతదేశంలోనే తీసుకోండి. అమెజాన్ వారి క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్లున్నాయి. గూగుల్‌కు ముంబై, ఢిల్లీ, డిజిటల్‌ఓషన్‌కు బెంగళూరు, లినోడ్‌గా మనకు తెలిసిన ఆకమైకి ముంబై, చెన్నై ఉన్నాయి. హెట్జ్నర్ చవకే గానీ దానికి మన దేశంలో చోటు లేదు, దగ్గరలో ఉన్నది సింగపూర్. దూరం పెరిగేకొద్దీ ప్రతి క్లిక్కూ ఆలస్యమవుతుంది. వందల ఫొటోలున్న ఫోల్డరు తెరిచేటప్పుడు ఆ తేడా కంటికి కనిపిస్తుంది. తీసుకునేముందు నరసాపురం నుంచో అమలాపురం నుంచో మీ ఫోను నెట్ మీద ఆ కంపెనీ పరీక్ష చిరునామాకు పింగ్ (జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే కమాండ్) కొట్టి చూడండి. ఊరు దగ్గరైనంత మాత్రాన దారి దగ్గర కాదు. కొన్ని నెట్‌వర్కుల్లో హైదరాబాద్‌కు వెళ్లాల్సిన డేటా చెన్నై మీదుగానో ముంబై మీదుగానో తిరిగి వెళ్తుంది.

సైజు సంగతికొస్తే, పాతిక ముప్ఫైమందికి 2 ప్రాసెసర్ కోర్లు, 4 జీబీ మెమరీ, 80 జీబీ డిస్కు హాయిగా సరిపోతాయి. ఇది చాలా కంపెనీల్లో నెలకు 20 నుంచి 25 డాలర్లు పడుతుంది, మన దేశంలో బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీ అదనం. 2 జీబీతోనూ నడుస్తుంది గానీ ఫొటోల చిన్న బొమ్మలు తయారయ్యేటప్పుడు మెమరీ చాలక డేటాబేస్ కూలిపోతుంది. నెలకు పది డాలర్లు మిగిలించబోయి పట్టుబడి సీజన్లో సర్వర్ పడిపోవడం మంచి బేరం కాదు.

డిస్కు లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. పాతిక చెరువులకు రోజుకు నాలుగేసి ఫొటోలంటే 100. ఒక్కోటి 3 ఎంబీ అనుకుంటే రోజుకు 300 ఎంబీ, నెలకు 9 జీబీ, నాలుగు నెలల పంటకు 36 జీబీ. రెండు పంటలకే డిస్కు నిండిపోతుంది. ఫోను కెమెరాలో ఫొటో సైజు తగ్గిస్తే ఈ లెక్క నాలుగో వంతుకు పడిపోతుంది. మేత ఎంత మిగిలిందో చూసే చెక్ ట్రే ఫొటోకు యాభై మెగాపిక్సెళ్లు అవసరం లేదు. అప్పటికీ చాలకపోతే విడి వాల్యూమ్, అంటే అదనపు డిస్కు, అద్దెకు తీసుకోవచ్చు. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో దాన్ని యూయూఐడీతో (డిస్కు సొంత గుర్తింపు సంఖ్యతో) రాసి, పక్కన 'నోఫెయిల్' అనే మాట చేర్చండి. ఆ మాట లేకపోతే, వాల్యూమ్ ఎప్పుడైనా ఊడిపోయిన రోజున సర్వర్ బూట్ కాకుండా అక్కడే ఆగిపోతుంది.

పెద్ద కంపెనీల్లో బయటికి వెళ్లే డేటాకు విడిగా డబ్బు పడుతుందని మరిచిపోకండి. ఏడబ్ల్యూఎస్‌లో నెలకు 100 జీబీ దాకా ఉచితం, ఆపైన ప్రతి జీబీకీ లెక్కే. వర్చువల్ సర్వర్లు (వీపీఎస్) అద్దెకిచ్చే చిన్న కంపెనీలు సాధారణంగా టెరాబైట్లలో కోటా కలిపే ఇస్తాయి. ఈ పనికి అవే మేలు. ఎక్కడ తీసుకున్నా బడ్జెట్ హెచ్చరిక మొదటి రోజే పెట్టుకోండి.

ఖాతా, కార్డు

ఖాతాను ఏ ఒక్కరి సొంత మెయిల్‌తోనూ తెరవొద్దు. సంఘం పేరున ఒక మెయిల్ తెరిచి, దానికి రెండంచెల లాగిన్ పెట్టి, రికవరీ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం క్లౌడ్, వీపీఎస్ కంపెనీలు వినియోగదారుల వివరాలు తీసుకుని అయిదేళ్లు ఉంచుకోవాలి. కాబట్టి గుర్తింపు పత్రాలు అడిగితే కంగారుపడక్కర్లేదు, అధ్యక్షుడివో కార్యదర్శివో ఇవ్వండి.

తర్వాత చెప్పేది ఎక్కువమందిని దెబ్బతీసే విషయం. కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరవాలి. తెరిచినా, 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల, ఈ-మాండేట్ (ముందస్తు అనుమతి) పద్ధతిలో నమోదుకాని నెలవారీ ఆటో డెబిట్లను బ్యాంకు తిరస్కరిస్తుంది. బిల్లు చెల్లలేదని మెయిల్ వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. కొన్ని వారాలకు సర్వర్ ఆపేస్తారు, ఆ తర్వాత తుడిచేస్తారు. ముందస్తుగా డబ్బు జమ చేసుకునే వీలున్న కంపెనీ అయితే ఆరు నెలలది ఒకేసారి కట్టేయండి. ఆ మెయిల్ మాత్రం ఇద్దరి ఫోన్లలోనూ తెరిచి ఉండాలి.

తాళంచెవులు

సర్వర్‌కు పాస్‌వర్డుతో లాగిన్ కావడం వద్దు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి పేరు ఎస్‌ఎస్‌హెచ్, దానికి కీ వాడాలి. విండోస్ 10, 11లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, లైనక్స్‌లోనైతే టెర్మినల్ తెరిచి «ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టి ఈడీ25519» అని కొట్టండి. పాస్‌ఫ్రేజ్ అడిగితే ఖాళీగా వదలకండి. రెండు ఫైళ్లు వస్తాయి. 'పబ్' అని ముగిసేది తాళం, ఎక్కడ వేలాడదీసినా ఫరవాలేదు. రెండోది తాళంచెవి, అది మీ కంప్యూటర్ దాటి వెళ్లకూడదు, వాట్సాప్‌లో అసలే వెళ్లకూడదు. ఇద్దరూ ఎవరి కంప్యూటర్లో వాళ్లు ఎవరి కీ వాళ్లు తయారుచేసుకోవాలి. ఒకే కీని ఇద్దరూ పంచుకుంటే, ఒకరు సంఘం వదిలి వెళ్లిన రోజున అతని ఒక్కడి దారి మూయడం కుదరదు.

సర్వర్ సృష్టించే పేజీలో ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ అనే లైనక్స్ ఎంచుకుని, ఇద్దరి పబ్లిక్ కీలూ అక్కడే అతికించండి. ఈ వెర్షన్‌కు 2029 దాకా మామూలు సపోర్టు ఉంది. వారానికోసారి దింపే బ్యాకప్ అంటూ కంపెనీ చూపించే టిక్కు పెట్టుకోండి గానీ దాని మీదే భరోసా పెట్టుకోవద్దు, కారణం కింద చెబుతాం.

మొదటి లాగిన్ తర్వాత

ఒక నిమిషంలో సర్వర్ సిద్ధమై ఐపీ చిరునామా ఇస్తుంది. «ఎస్‌ఎస్‌హెచ్ రూట్» తర్వాత యాట్ గుర్తు, ఐపీ కొట్టి లోపలికి వెళ్లండి. రూట్ అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. ఏడబ్ల్యూఎస్ లాంటి చోట్ల రూట్ బదులు 'ఉబుంటు' అనే పేరు వాడాలి, కమాండ్ల ముందు, రూట్ అధికారంతో నడపమనే «సుడో» చేర్చాలి. లోపలికి వెళ్లగానే «ఆప్ట్ అప్‌డేట్», ఆ వెంట «ఆప్ట్ అప్‌గ్రేడ్». ఆపైన «టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్» కొట్టి ఏషియా స్లాష్ కోల్‌కతా ఇవ్వండి. ఈ రెండింట్లో ఏ, కె పెద్ద అక్షరాలు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. తెల్లవారుజామున 3:30కి రీబూట్ అవమని చెబితే అది మన లెక్కలో ఉదయం 9 గంటలకు జరుగుతుంది, ల్యాబ్ రిపోర్టులు ఎక్కించే వేళకు సరిగ్గా.

ఇద్దరికీ విడివిడిగా యూజర్లను «యాడ్‌యూజర్»తో సృష్టించి, «యూజర్‌మాడ్ -ఏజీ సుడో»తో అధికారం ఇవ్వండి, ఇక్కడ జీ పెద్దది. ప్రతివాళ్ల హోమ్ ఫోల్డర్లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ అనే ఫోల్డరు పెట్టి, అందులో 'ఆథరైజ్డ్ అండర్‌స్కోర్ కీస్' ఫైల్లో ఎవరి పబ్లిక్ కీ వాళ్లది ఉంచాలి. ఫోల్డరుకు అనుమతి 700, ఫైలుకు 600 (యజమాని ఒక్కరే తెరవగలిగేలా), యజమాని ఆ యూజరే కావాలి. రూట్‌గా ఉండి కాపీ చేస్తే యజమానిగా రూటే మిగిలిపోతుంది, అప్పుడు సరైన కీ ఉన్నా 'పర్మిషన్ డినైడ్' అనే జవాబు వస్తుంది. అలా వచ్చిందంటే నూటికి తొంభై పాళ్లు కారణం ఇదే.

ఇప్పుడు పాస్‌వర్డు లాగిన్ మూసేయాలి. ఇక్కడ ఉబుంటులో ఒక మెలిక ఉంది. ఈటీసీ స్లాష్ ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్న ముఖ్యమైన కాన్ఫిగ్ ఫైల్లో 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో' అని రాసి చాలామంది తృప్తిపడతారు. కానీ ఆ ఫైలు మొదట్లోనే 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ డాట్ డి' అనే ఫోల్డర్లోని ఫైళ్లన్నిటినీ చదువుతుంది. ఒకే అంశం రెండుచోట్ల ఉంటే మొదట చదివినదే చెల్లుతుంది. క్లౌడ్ ఇమేజ్‌లలో ఆ ఫోల్డర్లో 50తో మొదలయ్యే క్లౌడ్-ఇనిట్ ఫైలు ఉండి, అందులో 'యెస్' అని రాసి ఉండొచ్చు. అప్పుడు మీ 'నో' వృథా. అందుకే అదే ఫోల్డర్లో 01తో మొదలై 'డాట్ కాన్ఫ్'తో ముగిసే పేరుతో కొత్త ఫైలు పెట్టి, పాస్‌వర్డ్ అథెంటికేషన్‌కు 'నో', పర్మిట్ రూట్ లాగిన్‌కు 'నో' రాయండి. ఆపైన «సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టి» కొడితే, టి పెద్దది, అసలు అమల్లో ఉన్న విలువలు కనిపిస్తాయి. నమ్మాల్సింది ఆ జాబితానే.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసును రీస్టార్ట్ చేసేటప్పుడు ఉన్న కిటికీ మూయకండి. ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి, సుడో కూడా పనిచేస్తుందని చూశాకే పాతది మూయండి. ఒకవేళ బయటపడిపోతే కంపెనీ వెబ్‌సైట్లో కన్సోల్ అనే బటన్ ఉంటుంది, దాంట్లో కీ పనిచేయదు, యూజర్ పాస్‌వర్డే అడుగుతుంది. అందుకే యాడ్‌యూజర్ చేసినప్పుడు ఇచ్చిన పాస్‌వర్డు రాసిపెట్టుకోండి.

ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు 22 నుంచి మార్చమని కొందరు పట్టుబడతారు. లాగ్‌లో చెత్త తగ్గుతుంది తప్ప కీలతో నడిచే సర్వర్‌కు దానివల్ల పెద్ద రక్షణేమీ రాదు. రెండో మనిషి గుర్తుపెట్టుకోవాల్సినవి ఒకటి పెరుగుతాయి. వదిలేయండి.

గోడలు

ఉబుంటులో ఫైర్‌వాల్‌ను నడిపేది యూఎఫ్‌డబ్ల్యూ. «యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్» ముందు, ఆ తర్వాత 80, 443 పోర్టులకు అనుమతి, చివర్న «యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్». ఈ వరస తప్పితే మీరే బయట ఉండిపోతారు. కంపెనీ వెబ్‌సైట్లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది, అక్కడా ఇవే మూడు తెరవాలి. రెండింట్లో ఒకటి మూసి ఉన్నా సైటు తెరుచుకోదు. ఒరాకిల్ క్లౌడ్ వారి ఉబుంటు ఇమేజ్‌లో లోపలే ఐపీటేబుల్స్ నిబంధనలు ముందుగా రాసి ఉంటాయి కాబట్టి అక్కడ వాటినీ చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్లను కంటెయినర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌ను కింద వాడతాం. దాన్ని వాడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది: డాకర్ బయటికి తెరిచిన పోర్టును యూఎఫ్‌డబ్ల్యూ ఆపలేదు. డాకర్ తన నిబంధనలను యూఎఫ్‌డబ్ల్యూ కంటే ముందు దారిలో పెడుతుంది. డేటాబేస్ పోర్టు 3306 తెరిచి, యూఎఫ్‌డబ్ల్యూ ఉందిలే అనుకుంటే అది ప్రపంచమంతటికీ తెరిచినట్టే. ఈ గైడులో ఒక్క కేడీ (వెబ్ సర్వర్) కంటెయినర్ మాత్రమే పోర్టులు తెరుస్తుంది. మిగతావి డాకర్ లోపలి నెట్‌వర్క్‌లో పేర్లతో మాట్లాడుకుంటాయి.

మెమరీకి తోడుగా 2 జీబీ స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెట్టండి: ఎఫ్‌అలొకేట్‌తో ఫైలు, అనుమతి 600, ఎంకే‌స్వాప్, స్వాపాన్, ఎఫ్‌స్టాబ్‌లో ఒక వరస.

పేరు

డొమైన్ పేరు సంఘం మెయిల్ మీదే కొనండి, వీలైతే మూడేళ్లకు ఒకేసారి. పేరును ఐపీతో కలిపే డీఎన్‌ఎస్‌లో 'ఏ' అనే రికార్డుకు సర్వర్ ఐపీ ఇవ్వండి, టీటీఎల్ (పాత జవాబు ఎన్ని సెకన్లు చెల్లుతుందో చెప్పే అంకె) 300 పెడితే రేపు సర్వర్ మార్చినా అయిదు నిమిషాల్లో కొత్త చోటికి తిరుగుతుంది. కొత్త తరహా ఐపీ చిరునామా అయిన ఐపీవీ6 కోసం ఉండే క్వాడ్-ఏ రికార్డు విషయంలో జాగ్రత్త. సర్వర్‌కు ఐపీవీ6 నిజంగా పనిచేస్తుంటేనే పెట్టండి. తప్పుడు క్వాడ్-ఏ ఉంటే సైటుకు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు ఆ చిరునామానే తడుతుంది. జియో లాంటి మొబైల్ నెట్‌వర్కులూ ఐపీవీ6నే ముందు వాడతాయి. ఆఫీసు వైఫైలో తెరుచుకునే సైటు చెరువు గట్టు మీద ఫోన్లో తెరుచుకోకపోతే మొదట చూడాల్సింది ఇదే.

నెక్స్ట్‌క్లౌడ్ నిలబెట్టడం

«సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డాకర్ డాట్ ఐఓ డాకర్-కంపోజ్-వీ2» చాలు. ఓపీటీ ఫోల్డర్లో సంఘం పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, అన్నీ అందులోనే ఉంచండి. ఏ కంటెయినర్లు నడవాలో రాసే కంపోజ్ ఫైలు, పాస్‌వర్డులుండే డాట్ ఈఎన్‌వీ ఫైలు, కేడీఫైల్ అక్కడే ఉండాలి. ఈఎన్‌వీ ఫైలుకు అనుమతి 600.

కంపోజ్ ఫైల్లో నాలుగు సర్వీసులు. డేటాబేస్‌కు మరియాడీబీ 10.11, దానికి ట్రాన్సాక్షన్ ఐసొలేషన్ 'రీడ్-కమిటెడ్' అని, బిన్‌లాగ్ ఫార్మాట్ 'రో' అని ఇవ్వాలి. ఫైళ్లకు తాళాలు వేసే పనికి రెడిస్. మూడోది నెక్స్ట్‌క్లౌడ్, అపాచీతో వచ్చే ఇమేజ్. నాలుగోది కేడీ, 80, 443 పోర్టులతో. నాలుగింటికీ రీస్టార్ట్ విలువ 'అన్‌లెస్-స్టాప్డ్'. ఇమేజ్ పేరు పక్కన 'లేటెస్ట్' రాయకండి, వెర్షన్ అంకె రాయండి. నెక్స్ట్‌క్లౌడ్ ఒకేసారి రెండు పెద్ద వెర్షన్లు దూకలేదు. 30 నుంచి 32కు వెళ్లాలంటే 31 మీదుగానే వెళ్లాలి. లేటెస్ట్ అని వదిలేసి ఏడాదిన్నర తర్వాత కొత్త ఇమేజ్ దింపితే అది మొదలవడానికే నిరాకరిస్తుంది. ఒక్కో పెద్ద వెర్షన్‌కు సపోర్టు సుమారు ఏడాదే కాబట్టి ఏటా ఒక రోజు దీనికి కేటాయించాలి. రెండు పంటల మధ్య చెరువులు ఎండగట్టే రోజులు అనువైనవి.

నెక్స్ట్‌క్లౌడ్ సర్వీసుకు ఇచ్చే విలువల్లో మూడు కీలకం. ట్రస్టెడ్ డొమైన్స్‌లో మీ డొమైన్ పేరు ఉండాలి. ఇది మొదటి ఇన్‌స్టలేషన్ అప్పుడే పనిచేస్తుంది, తర్వాత మార్చాలంటే నెక్స్ట్‌క్లౌడ్‌ను టెర్మినల్ నుంచి నడిపే ఓసీసీ కమాండే దారి. ఓవర్‌రైట్ ప్రోటోకాల్ 'హెచ్‌టీటీపీఎస్' అని ఉండాలి. ఇది మరిచిపోతే బ్రౌజర్లో అంతా బాగున్నట్టే ఉంటుంది గానీ ఫోను యాప్‌లో లాగిన్ 'గ్రాంట్ యాక్సెస్' దగ్గర ఆగి కదలదు. మూడోది పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితి. మామూలుగా 512 ఎంబీ, వీడియోలు పెట్టేవాళ్లుంటే పెంచండి.

కేడీఫైల్ చాలా చిన్నది: డొమైన్ పేరు, బ్రాకెట్లలో «రివర్స్ అండర్‌స్కోర్ ప్రాక్సీ నెక్స్ట్‌క్లౌడ్:80». సర్టిఫికెట్ తెచ్చుకోవడం, 90 రోజుల గడువులోపల కొత్తది తెచ్చుకోవడం కేడీయే చూసుకుంటుంది. దాని 'డేటా' ఫోల్డరుకు శాశ్వత వాల్యూమ్ ఇవ్వడం మాత్రం మీ పని. అది లేకుండా కంటెయినర్‌ను మళ్లీమళ్లీ తీసి పెడుతుంటే ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ అడుగుతుంది, ఒకే పేరుకు వారానికి అయిదు దాటగానే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆపేస్తుంది. ఇంకొకటి, గడువు ముగుస్తోందని మెయిల్ పంపే పద్ధతిని లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో మానేసింది. నెలకోసారి బ్రౌజర్లో సైటు చిరునామా పక్కనుండే గుర్తు నొక్కి సర్టిఫికెట్ తేదీ చూసుకోండి.

«డాకర్ కంపోజ్ అప్ -డి» కొట్టి, రెండు నిమిషాలు ఆగి బ్రౌజర్లో తెరవండి. అడ్మిన్ ఖాతా రోజువారీ పనికి వాడకూడదు, ఎవరికి వాళ్లకు విడి ఖాతాలివ్వండి. ల్యాబ్ వాళ్లకు ఒక గ్రూపు, రైతులకు ఒక గ్రూపు, మేత డీలరుకు అతని ఖాతా ఫోల్డరు మాత్రమే కనిపించేలా. ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం కాపీలు ఇందులో పెట్టనివ్వకండి. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

వెనక జరిగే పనులకు, వేళ ప్రకారం పనులు నడిపే సర్వర్ క్రాన్‌లో ప్రతి అయిదు నిమిషాలకూ నెక్స్ట్‌క్లౌడ్ కంటెయినర్లో «క్రాన్ డాట్ పీహెచ్‌పీ» నడిచేలా ఒక వరస రాయండి, యూజర్ 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా'. అది లేకపోతే తీసేసిన ఫైళ్లు చెత్తబుట్టలోంచి పోవు, డిస్కు నిండుతుంది. డిస్కును మింగేది ఇంకోటి ఉంది: డాకర్ లాగ్‌లకు మామూలుగా హద్దు లేదు. డెమన్ డాట్ జేసన్ ఫైల్లో లాగ్ గరిష్ఠ సైజు 10 ఎంబీ, ఫైళ్లు 3 అని రాసి డాకర్‌ను రీస్టార్ట్ చేయండి. అంతకుముందే ఉన్న కంటెయినర్లకు ఇది వర్తించదు, వాటిని తీసి మళ్లీ పెట్టాలి.

పాస్‌వర్డు మరిచిపోయినవాళ్లకు మెయిల్ వెళ్లాలంటే సర్వర్‌లోనే మెయిల్ సర్వర్ పెట్టే ఆలోచన వద్దు. బయటికి వెళ్లే 25 పోర్టును చాలా క్లౌడ్ కంపెనీలు మూసే ఉంచుతాయి. మెయిల్ పంపే సేవ ఒకటి తీసుకుని దాని ఎస్‌ఎంటీపీ వివరాలు ఇవ్వండి. 587 కూడా మూసి ఉంటే ఆ సేవకు 2525 ఉందేమో చూడండి.

తెలుగు ఫైలు పేర్లు ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. చెరువు పేరు, తేదీ, పరీక్ష పేరు అనే వరసలో పెడితే, తేదీని ఏడాది-నెల-రోజు క్రమంలో రాస్తే, వాటంతటవే వరసగా సర్దుకుంటాయి. గట్టు మీద సిగ్నల్ సరిగా అందనిచోట ఫోను యాప్‌లో ఆటో అప్‌లోడ్‌ను వైఫైకి మాత్రమే పెట్టుకోండి, ఇంటికి రాగానే ఎక్కేస్తాయి.

బ్యాకప్

సర్వర్ పోవచ్చు, కంపెనీ ఖాతాయే మూతపడవచ్చు. ఖాతా మూతపడితే ఆ కంపెనీ దగ్గరున్న స్నాప్‌షాట్లూ (సర్వర్ ప్రతులూ) దాంతోపాటే పోతాయి. అందుకే బ్యాకప్ వేరే కంపెనీ దగ్గర, వేరే ఊళ్లో ఉండాలి. ఎస్3 పద్ధతిలో పనిచేసే ఆబ్జెక్ట్ స్టోరేజ్ ఏదైనా తీసుకుని, అందులో ఫైళ్లుండే బకెట్‌కు వెర్షనింగ్ (పాత ప్రతులూ ఉంచే ఏర్పాటు) ఆన్ చేయండి. సర్వర్‌లోకి ఎవరైనా చొరబడి బ్యాకప్‌ను తుడిచినా పాత ప్రతులు మిగిలే అవకాశం ఉంటుంది.

బ్యాకప్ తీసే సాధనం రెస్టిక్. రాత్రి 2 గంటలకు నడిచే స్క్రిప్టులో వరస ఇది: నెక్స్ట్‌క్లౌడ్‌ను ఓసీసీతో మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టడం, మరియాడీబీ-డంప్‌ను 'సింగిల్-ట్రాన్సాక్షన్' అనే ఆప్షన్‌తో నడిపి డేటాబేస్ దింపడం, రెస్టిక్‌తో డేటా ఫోల్డరు, డంప్, కంపోజ్ ఫోల్డరు మూడూ పంపడం, మెయింటెనెన్స్ తీసేయడం. మధ్యలో ఏదైనా విఫలమైతే స్క్రిప్టు అక్కడే ఆగిపోయి, తెల్లారేసరికి అందరికీ మెయింటెనెన్స్ పేజీ కనిపిస్తుంది. స్క్రిప్టు మొదట్లో 'ట్రాప్' పెట్టి, ఎలా ముగిసినా మెయింటెనెన్స్ తీసేలా రాయాలి. వారానికోసారి «రెస్టిక్ ఫర్గెట్»ను రోజువారీవి 7, వారానివి 4, నెలవి 6 ఉంచి మిగతావి తీసేసేలా, 'ప్రూన్'తో కలిపి నడపండి. నాలుగు నెలల పంటకు ఆరు నెలల చరిత్ర సరిపోతుంది.

విడి వాల్యూమ్ వాడితే ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. వాల్యూమ్ ఊడిపోయి, నోఫెయిల్ వల్ల సర్వర్ మాత్రం లేస్తే, డాకర్ ఆ ఖాళీ ఫోల్డర్లోనే కొత్తగా రాయడం మొదలుపెడుతుంది, ఆ రాత్రి బ్యాకప్ కూడా ఖాళీదే వెళ్తుంది. స్క్రిప్టులో మొదటి వరసగా «మౌంట్‌పాయింట్» కమాండుతో తనిఖీ పెట్టి, వాల్యూమ్ లేకపోతే అక్కడే ఆపేయండి.

రెస్టిక్ పాస్‌వర్డు పోతే బ్యాకప్‌ను ఎవరూ తెరవలేరు, స్టోరేజ్ కంపెనీ కూడా. అది సర్వర్‌లో మాత్రమే ఉంటే సర్వర్‌తోపాటే పోతుంది. కాగితం మీద రాయాల్సినవి ఇవి: రెస్టిక్ పాస్‌వర్డు, బకెట్ చిరునామా, దాని రెండు కీలు, క్లౌడ్ ఖాతా, డొమైన్ ఖాతా వివరాలు, రికవరీ కోడ్లు. రెండు ప్రతులు తీసి లామినేట్ చేయించండి. ఒకటి బీరువాలో, ఇంకోటి వేరే ఊళ్లో ఉండే సభ్యుడి ఇంట్లో. వరద ఒకే రాత్రి రెండుచోట్లకీ రాని విధంగా ఆ రెండో ఊరు ఎంచుకోండి. ఏటిగట్టు లోపల ఒకటి ఉంటే రెండోది గట్టు బయట ఉండాలి.

అప్‌డేట్లు

ఉబుంటులో 'అనటెండెడ్-అప్‌గ్రేడ్స్' భద్రతా సవరణలను తనంతట తానే వేస్తుంది, రీబూట్ మాత్రం తనంతట తాను చేయదు. దాని కాన్ఫిగ్‌లో ఆటోమేటిక్ రీబూట్ 'ట్రూ' అని, సమయం 03:30 అని ఇవ్వండి, అప్పటికి బ్యాకప్ అయిపోతుంది. కంటెయినర్లకు ఇది వర్తించదు. నెలకోసారి ఒకరు లాగిన్ అయి «డాకర్ కంపోజ్ పుల్», ఆ వెంట «అప్ -డి», చివర «డీఎఫ్ -హెచ్»తో డిస్కు చూడాలి. 80 శాతం దాటితే అప్పుడే సర్దాలి. డిస్కు పూర్తిగా నిండితే మరియాడీబీ ఆగిపోతుంది, తిరిగి లేపడం కష్టం.

రెండో మనిషి పరీక్ష

అంతా పెట్టిన పదిహేను రోజులకు ఒక ఆదివారం, సర్వర్ పెట్టినవాళ్లు పక్కన కూర్చుని నోరు మెదపకుండా ఉండాలి. రెండో మనిషి లామినేట్ కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకుని, కొత్త సర్వర్ ఒకటి తీసుకుని, డాకర్, రెస్టిక్ వేసి, «రెస్టిక్ రిస్టోర్ లేటెస్ట్» నడిపి, డంప్‌ను ఖాళీ మరియాడీబీలోకి ఎక్కించి, కంపోజ్ లేపాలి. డొమైన్‌ను మార్చకుండా పరీక్షించాలంటే తన కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లో డొమైన్ పేరుకు కొత్త ఐపీ రాసుకుంటే చాలు. కేడీకి ఆ పేరు మీద కొత్త సర్టిఫికెట్ రాదు కాబట్టి బ్యాకప్‌లో దాని డేటా ఫోల్డరు కూడా ఉండాలి, లేదంటే పరీక్షకు కేడీఫైల్లో 'టీఎల్‌ఎస్ ఇంటర్నల్' అని రాసి బ్రౌజర్ హెచ్చరికను దాటి వెళ్లాలి. ఫైళ్లు డిస్కులో ఉండి పేజీలో కనిపించకపోతే ఓసీసీతో «ఫైల్స్:స్కాన్ --ఆల్» నడపాలి.

ఎక్కడ ఆగిపోయారో అక్కడ కాగితంలో ఏదో తక్కువైందన్నమాట. ఆ వరస అప్పుడే చేర్చి, కాగితం మళ్లీ ప్రింటు తీసి, పాత ప్రతులు చించేయండి. అసలు సర్వర్ ఐపీనే మళ్లీ వాడి తిరిగి కట్టిన సందర్భంలో ఎస్‌ఎస్‌హెచ్ 'హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారింది' అని పెద్దగా హెచ్చరిస్తుంది. మీరే కట్టిన సర్వర్ అని తెలిసినప్పుడు మాత్రమే «ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్», ఆర్ పెద్దది, తర్వాత ఐపీ కొట్టి పాత గుర్తు తీసేయండి.

పరీక్ష అయ్యాక హోస్ట్స్ ఫైల్లో రాసిన వరస తీసేయండి, లేకపోతే ఆ కంప్యూటర్ రేపటి నుంచి లేని సర్వర్ కోసం వెతుకుతుంటుంది. పరీక్ష సర్వర్‌ను పవర్ ఆఫ్ చేసి వదలకండి, డిలీట్ చేయండి. చాలా వీపీఎస్ కంపెనీల్లో ఆపి ఉంచిన సర్వర్‌కూ బిల్లు నడుస్తూనే ఉంటుంది, దానికి తగిలించిన వాల్యూమ్ ఉంటే దాన్ని విడిగా తీసేయాలి.